పాజ్ నొక్కండి... నోరు విప్పండి!

మీరు చివరగా విన్న సైకాలజీ టాక్ ఏది? పేరు గుర్తుందా? మంచిది. ఇప్పుడు ఈ పేజీ పక్కన పెట్టి, అందులో ఏం చెప్పారో మూడు వాక్యాల్లో పైకి చెప్పండి.

చెప్పేశారా? శభాష్!

"అబ్బ, చాలా బాగా చెప్పారండీ" దగ్గరే ఆగిపోయారా? కంగారు పడకండి. మీ తెలివికి ఏ లోటూ లేదు. జ్ఞాపకశక్తికీ లేదు. మారాల్సింది వినే పద్ధతి ఒక్కటే. ఈ వారంలోనే మార్చుకోగలరు.

మీ అదృష్టం ఎంతటిదో ఒకసారి చూసుకోండి. ఫ్రాయిడ్ లెక్చర్ వినాలంటే ఒకప్పుడు వియన్నా యూనివర్సిటీ హాల్లో కూర్చోవాల్సిందే. ఆయన గొంతు రికార్డయింది 1938 డిసెంబర్‌లో, లండన్‌లో, బీబీసీ కోసం. అప్పటికే దవడ క్యాన్సర్‌తో మాట కష్టమైపోయింది. ఆ కాసేపటి రికార్డింగే మనకు మిగిలింది. మరి మీకో? యేల్, స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్లు క్లాసులో చెప్పిన పాఠాలు మొత్తానికి మొత్తం, పైసా ఖర్చు లేకుండా, జేబులో ఉన్నాయి. బస్సులో వినొచ్చు. కూర తరుగుతూ వినొచ్చు.

వింటున్నారు కూడా. కానీ వినడం దగ్గరే కథ ముగిసిపోతోంది. అక్కడే మనం పని చేయాలి.

బాగుందనిపిస్తే వచ్చేసినట్టేనా?

1970లో అమెరికాలో ఒక తమాషా ప్రయోగం జరిగింది. సైకియాట్రిస్టులు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు కూర్చున్న సభ. వేదిక మీదికి 'డాక్టర్ మైరన్ ఫాక్స్' వచ్చారు. వైద్యవిద్యలో గణిత గేమ్ థియరీ ఎలా పనికొస్తుందో ప్రసంగించారు. జోకులు వేశారు. ప్రశ్నలకు హుందాగా జవాబులిచ్చారు.

ఆయన డాక్టరు కాదు. మైకేల్ ఫాక్స్ అనే నటుడు. ఒక మాటకు ఇంకో మాట పొంతన లేకుండా, లేని పదాలు పుట్టించి, ఇందాక చెప్పినదాన్ని ఇప్పుడు కాదంటూ మాట్లాడమని పరిశోధకులు ముందే తర్ఫీదు ఇచ్చారు. సభికులు ఇచ్చిన మార్కులు మాత్రం బ్రహ్మాండం. ఆ ప్రసంగాన్ని, తర్వాత దాని వీడియోను చూసినవారిలో ఒకరైతే ఆయన రాసిన వ్యాసాలు చదివానని కూడా చెప్పారు! 1973లో ఈ ముచ్చటంతా పరిశోధనా పత్రంగా అచ్చయింది.

గమనించారా? మోసపోయింది మనసు గురించి చదువుకున్నవాళ్లే. కాబట్టి మీరు సిగ్గుపడాల్సిన పని లేదు. జాగ్రత్తపడితే చాలు.

2013లో సైకాలజిస్ట్ షానా కార్పెంటర్ బృందం ఇంకో కోణం చూపించింది. ఒకే పాఠం, రెండు వీడియోలు. ఒకదాంట్లో టీచరు నిటారుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ గడగడా చెబుతారు. రెండోదాంట్లో కాగితం చూసుకుంటూ, నసుగుతూ చెబుతారు. మొదటి వీడియో చూసినవాళ్లు "మాకు బాగా వచ్చింది" అనుకున్నారు. పరీక్ష పెడితే రెండు జట్లకూ దాదాపు ఒకే మార్కులు.

అంటే, మాటకారి గొంతు మీ 'వచ్చేసింది' అనే ఫీలింగ్‌ను పెంచుతుంది. వచ్చినదాన్ని కాదు. గొంతు బాగుంటే ఆనందించండి, తప్పు లేదు. సర్టిఫికెట్ మాత్రం ఇచ్చుకోకండి.

టేప్ మీద లేబుల్

మోటివేషన్ మాటలు లక్షల్లో అమ్ముడుపోవడం నిన్న మొన్నటి సంగతి కాదు. 1956లో అమెరికన్ రేడియో వక్త ఎర్ల్ నైటింగేల్ చేసిన 'ది స్ట్రేంజెస్ట్ సీక్రెట్' రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడైంది. అది పైకి వినిపించే మాట. తర్వాత్తర్వాత వినిపించని మాటలు కూడా అమ్మకానికి వచ్చాయి. పైకి సంగీతమో అలల చప్పుడో ఉంటుంది. లోపల చెవికి అందనంత సన్నగా 'నీ మీద నీకు నమ్మకం ఉంది', 'నీ జ్ఞాపకశక్తి పెరుగుతోంది' లాంటి సందేశాలు ఉంటాయట. సబ్‌లిమినల్ టేపులు. ఇవాళ ఇదే సరుకు కొత్త కవరుతో మీ ఫోన్లో తిరుగుతోంది.

ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు ఈ టేపులను పరీక్షకు పెట్టారు. 1991లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లు చేసిన పని చాలా తెలివైనది. కొందరికి ఆత్మగౌరవం టేప్, కొందరికి జ్ఞాపకశక్తి టేప్ ఇచ్చారు. కానీ సగం టేపుల మీద లేబుళ్లు తారుమారు చేశారు! నెల రోజులు విన్నారు జనం.

టేప్ లోపలి సందేశం ఏ పనీ చేయలేదు. అయినా మూడోవంతు మందికి పైగా, లేబుల్ మీద ఏది రాసి ఉంటే అందులోనే మెరుగుపడ్డామని నమ్మారు. 'జ్ఞాపకశక్తి' అని రాసి ఉంటే జ్ఞాపకశక్తే పెరిగిందట. లోపల ఉన్నది వేరే టేప్ అయినా సరే!

ఇందులో ఇంకో విశేషం ఉంది. ఏ టేప్ విన్నా, అందరి స్కోర్లూ కొద్దిగా పెరిగాయి. పరిశోధకులు దీన్ని ప్లేసిబో, అంటే నమ్మకం వల్లే కలిగే ఫలితం, అన్నారు. నేనైతే మంచి కబురుగానే తీసుకుంటాను. మారాలని కూర్చున్న మనిషి ఎంతో కొంత కదులుతాడు. ఆ కదలికకు మంత్రపు టేప్ అక్కర్లేదు. డబ్బు అసలే అక్కర్లేదు.

నిద్రలో వినడం? వదిలేయండి. 1956లోనే ఎమన్స్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు మెదడు తరంగాలు కొలుస్తూ, మనిషి నిజంగా నిద్రపోయాడని తేలాకే మాటలు వినిపించారు. తెల్లారాక ఏమీ గుర్తులేదు. రాత్రంతా లెక్చర్ పెట్టుకుని పడుకుంటే మిగిలేది ఫోన్ చార్జింగ్ అయిపోవడమే. హాయిగా పడుకోండి. నిద్రే మెదడుకు పెద్ద మేలు.

అమ్మమ్మ పద్ధతి

ఊళ్లో పురాణం చెప్పించుకునే రోజుల్లో, గుడి నుంచి వచ్చిన అమ్మమ్మ ఊరికే ఉండేది కాదు. రాలేకపోయినవాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని, శాస్త్రిగారు ఇవాళ ఏం చెప్పారో మొత్తం అప్పజెప్పేది. మధ్యలో తన వ్యాఖ్యానం కూడా. మర్నాడు బావి దగ్గర మళ్లీ అదే కథ. అందుకే చదువు రాకపోయినా భారతంలో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆవిడ నోటి మీదే ఉండేది.

సైన్స్ ఆవిడ పక్షానే ఉంది.

1885లో జర్మన్ సైకాలజిస్ట్ హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగం చేసుకుని మరుపును కొలిచాడు. అర్థంలేని అక్షరాల గుంపులు కంఠస్థం చేసి, కాసేపాగి చూసుకునేవాడు. ఒక్క రోజుకే మూడింట రెండొంతులు జారిపోయింది. అర్థమున్న మాటలు ఇంత దారుణంగా పోవు. కానీ పోయే తీరు అదే. మొదట జోరుగా, తర్వాత నెమ్మదిగా.

మరి ఆపేదెలా? 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు రెండు పాఠాలు ఇచ్చారు. ఒకదాన్ని రెండుసార్లు చదివించారు. రెండోదాన్ని ఒక్కసారే చదివించి, తర్వాత తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినదానిదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత? రెండుసార్లు చదివింది 42. రాసి చూసుకున్నది 56.

ఈ అంకెలను ఇంకోసారి చూడండి. ఎందుకంటే మనందరం బోల్తా పడేది ఆ మొదటి ఐదు నిమిషాల దగ్గరే. ఎపిసోడ్ అయిపోగానే అంతా తలలో తాజాగా ఉంటుంది. "వచ్చేసింది" అనిపిస్తుంది. వెంటనే ఇంకో ఎపిసోడ్. వారం తిరిగేసరికి రెండూ లేవు.

శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని మన పెద్దలు మూడు మెట్లు చెప్పారు. మనం మొదటి మెట్టు మీదే ప్లేలిస్టులు కట్టుకుని కూర్చున్నాం. లేవండి. ఇలా చేయండి:

1. వినేముందు ఒక ప్రశ్న రాసుకోండి. "కోపం గురించి వింటాను" అంటే చాలదు. "సాయంత్రం ఇంటికి రాగానే పిల్లల మీద ఎందుకు అరుస్తున్నాను?" అని రాయండి. ప్రశ్న మీది అయితే చెవి దానంతటదే నిక్కబొడుచుకుంటుంది.

2. పదిహేను నిమిషాలకు పాజ్. అలారం పెట్టుకున్నా సరే.

3. విన్నది పైకి చెప్పండి. తెలుగులో చెప్పండి. లెక్చర్ ఇంగ్లిష్‌లో ఉంటే ఇంకా మంచిది. ఇంగ్లిష్ మాటలు చిలకలా తిరిగి అనడం సులువు. మీ ఇంటి మాటల్లో చెప్పబోతే, ఎక్కడ అర్థం కాలేదో అక్కడే నాలుక ఆగిపోతుంది.

4. ఆగిన చోటుకు మాత్రమే వెనక్కి వెళ్లండి. మొత్తం మళ్లీ వినొద్దు.

5. మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, ఏమీ వినకుండా అదే చెప్పుకోండి. స్నానం చేస్తూ చెప్పుకున్నా ఎవరూ అడగరు.

బస్సులో పైకి ఎలా చెప్పుకోవాలంటారా? ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చెప్పండి. ఎవరితోనో మాట్లాడుతున్నారనుకుంటారు. ఇంకా సిగ్గా? వాట్సాప్‌లో మీకు మీరే వాయిస్ మెసేజ్ పంపుకోండి.

స్పీడ్ గురించి కూడా ఒక మాట. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో జరిగిన పరిశోధనలో, లెక్చర్ వీడియోలను రెండు రెట్ల వేగంతో చూసినవాళ్లకు పెద్దగా నష్టం కనిపించలేదు. రెండున్నర రెట్లకు వెళ్లేసరికి అర్థమయ్యేది తగ్గింది. కాబట్టి వేగం పెంచుకోండి, మిగిలిన టైమును చెప్పుకోవడానికి వాడండి. ఇంకో ఎపిసోడ్‌కి కాదు!

వంట చేస్తూ వినొచ్చా? చేతికి అలవాటైన పని అయితే నిరభ్యంతరంగా. చాటింగ్ చేస్తూ మాత్రం వద్దు. 1953లో కోలిన్ చెర్రీ రెండు చెవుల్లో రెండు వేర్వేరు మాటలు వినిపించి, ఒకదాన్ని వెంటవెంటనే పైకి చెప్పమన్నాడు. రెండో చెవిలో భాష ఇంగ్లిష్ నుంచి జర్మన్‌కి మారినా వినేవాళ్లు పసిగట్టలేకపోయారు. మాటల మీద మాటలు వేస్తే ఒకటి గాలికి పోవాల్సిందే.

ఏం వినాలి?

ఎవరు చెబుతున్నారో చూడండి. 'మెదడులో పది శాతమే వాడుతున్నాం' అనగానే ఆపేయండి. అది ఉత్త కట్టుకథ. 'ఎడమ మెదడు మనిషి, కుడి మెదడు మనిషి' అని జనాన్ని రెండు గుంపులు చేసేవాళ్లనూ వదిలేయండి.

పునాది కావాలంటే పాల్ బ్లూమ్ దగ్గర మొదలుపెట్టండి. యేల్ యూనివర్సిటీలో 2007లో రికార్డు చేసిన ఇంట్రడక్షన్ టు సైకాలజీ. మొత్తం 20 లెక్చర్లు. ఫ్రాయిడ్‌కి ఒక క్లాసు, ప్రవర్తనవాది స్కిన్నర్‌కి ఒక క్లాసు. ఇద్దరినీ గౌరవిస్తూనే, ఎక్కడ నిలబడతారో, ఎక్కడ కూలిపోతారో విడమరచి చెబుతారు. గురువు అంటే అలా ఉండాలి.

కాస్త ఓపిక ఉంటే రాబర్ట్ సపోల్స్కీ. స్టాన్‌ఫర్డ్‌లో 2010 నాటి హ్యూమన్ బిహేవియరల్ బయాలజీ, 25 లెక్చర్లు. పెద్దవి. మొదటి క్లాసులోనే ఆయన చెప్పేది ఒక్కటి పట్టుకున్నా చాలు: మనిషి ప్రవర్తనను జీన్స్ అనో, హార్మోన్లు అనో, పెంపకం అనో ఒకే పెట్టెలో పడేయొద్దు. 'వాడి జాతకమే అంత' అని తేల్చేసే మనకు ఇది మంచి మందు.

అంత టైమ్ లేదా? 2003లో బీబీసీ రీత్ లెక్చర్లు ఇచ్చింది మన తమిళనాడులో పుట్టిన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్. అయిదే ప్రసంగాలు. నాకు వీటంటే పక్షపాతం, దాచుకోను. చెయ్యి పోయిన మనిషికి లేని చేతిలో నొప్పి ఎలా వస్తుంది? ముఖం మీద తాకితే పోయిన చెయ్యి తాకినట్టు ఎందుకనిపిస్తుంది? మెదడులోని శరీర పటంలో చేతి భాగం, ముఖం భాగం ఇరుగుపొరుగు. చేతి నుంచి కబుర్లు ఆగిపోతే పక్కింటి ముఖం ఆ చోటును ఆక్రమిస్తుందని ఆయన వివరణ. బిగుసుకుపోయిన లేని పిడికిలి నొప్పికి ఒక మామూలు అద్దంతో కొందరికి ఉపశమనం చూపించారు. ఉన్న చేతి ప్రతిబింబం పోయిన చేతి చోట కనిపించేలా అద్దం పెట్టడం, అంతే. ఈ కథ ఒకసారి వినండి. రాత్రి భోజనాల దగ్గర పిల్లలకు చెప్పండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు మీరు మళ్లీ వెళ్లి వినక తప్పదు!

జిడ్డు కృష్ణమూర్తి వేరే దారి. మదనపల్లెలో 1895లో పుట్టిన మనిషి, 1986లో పోయేదాకా ప్రపంచమంతా తిరిగి మాట్లాడారు. ఇంగ్లిష్‌లో, చేతిలో కాగితం లేకుండా. ఎన్నో ఏళ్ల ప్రసంగాలు ఆడియోలో దొరుకుతాయి. ఇది ల్యాబ్ సైకాలజీ కాదు. భయం, పోలిక, అసూయ మనలో పుట్టేటప్పుడు వాటిని నేరుగా చూడమంటారు. తనను గురువుగా నిలబెట్టడానికి కట్టిన సంస్థనే 1929లో రద్దు చేసిన మనిషి. కాబట్టి ఆయన్ను గురువు చేసుకుని తల ఊపకండి. ఇందాకటి స్పీడ్ సలహా ఇక్కడ చెల్లదు. ఆ మౌనాలు కూడా ప్రసంగంలో భాగమే.

తెలుగులోనే కావాలా? మేజిక్, హిప్నాటిజం, కౌన్సెలింగ్ మూడూ తెలిసిన డాక్టర్ బి.వి. పట్టాభిరామ్ ప్రసంగాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. పెద్దవాళ్లతో కలిసి వినడానికి హాయిగా ఉంటాయి.

ఒక్కరినే ఎంచుకోండి. ఒక కోర్సు పూర్తయ్యేదాకా ఇంకోటి తెరవొద్దు.

విన్నది చేతికి రావాలంటే

సైకాలజీ వినేవాళ్లలో ఒక జబ్బు ఉంటుంది. నవ్వుకోండి, కానీ ఒప్పుకోండి. ఎపిసోడ్ అయ్యీ కాగానే అత్తగారు 'నార్సిసిస్ట్', మేనేజర్ 'టాక్సిక్', బావగారు 'ఇన్‌సెక్యూర్'. మనం మాత్రం 'సెన్సిటివ్'. విన్న జ్ఞానమంతా ఎదుటివాళ్లకు పేర్లు పెట్టడానికే ఖర్చయిపోతుంది. ఈ రోజు నుంచి నియమం: విన్నది ముందు మీకు వర్తింపజేయండి. మీ ఒక్కరికే.

ఎలా? ప్రతి టాక్ నుంచి ఒకే ఒక్క పని తీసుకోండి. దాన్ని 'ఇది జరగ్గానే అది చేస్తాను' అనే రూపంలో పెట్టండి. సైకాలజిస్ట్ పీటర్ గోల్‌విట్జర్ ఏళ్ల తరబడి పరిశోధించింది ఈ చిన్న వాక్యాన్నే. "కోపం తగ్గించుకుంటాను" అనే సంకల్పం గాలిలో ఉంటుంది. "ఇంటి తలుపు దగ్గరికి రాగానే ఇయర్‌ఫోన్స్ తీసి, పది ఊపిర్లు తీసుకుని, అప్పుడు కాలింగ్ బెల్ నొక్కుతాను." ఇదీ ప్లాన్! సమయం ఉంది, చోటు ఉంది, పని ఉంది.

21 రోజుల్లో అలవాటైపోతుందని ఎక్కడో విని ఉంటారు. మర్చిపోండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించింది. అలవాటు దానంతటదే జరిగే స్థాయికి చేరడానికి సగటున 66 రోజులు అంచనా కట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే కొంపలేమీ మునగలేదు. 22వ రోజున "నా వల్ల కాదు" అని వదిలేసినవాళ్లందరికీ ఇది చెప్పండి. మీరు ఫెయిల్ కాలేదు. తొందరపడి లెక్క చూసుకున్నారు, అంతే.

ఒక విషయంలో మాత్రం కచ్చితంగా ఉంటాను. వారాల తరబడి నిద్ర లేకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే, బతకాలనిపించకపోతే ఆడియో టాక్ వెతకొద్దు. అది చికిత్స కాదు. 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన హెల్ప్‌లైన్. ఉచితం. రాత్రీ పగలూ పని చేస్తుంది. తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ ఇప్పుడే సేవ్ చేసుకోండి, మీకు కాకపోయినా ఇంకెవరికైనా పనికొస్తుంది.

ఇక మీ వంతు. ఈ వారం కొత్త ఎపిసోడ్ ఏదీ వద్దు. ఇప్పటికే విని "బాగుంది" అనుకున్న పాతది ఒకటి తీయండి. ప్రశ్న రాసుకోండి. పదిహేను నిమిషాలు వినండి. పాజ్ నొక్కి ఇంట్లో ఎవరో ఒకరిని కూర్చోబెట్టుకుని చెప్పండి. ఎవరూ ఖాళీగా లేరంటారా? నాన్నగారికి ఫోన్ చేయండి. ఆయన తప్పకుండా మధ్యలో అడ్డుపడి ఏదో ఒకటి అడుగుతారు. అడగనివ్వండి.